డబ్బా దాచండి, సంగతి దాచకండి

మా టీములో ఓ కుర్రాడున్నాడు, లెక్కలంటే చెవి కోసుకుంటాడు. ఓ రోజు భోజనాల దగ్గర ఉన్నట్టుండి "అన్నా, అవుటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. జియోకాష్‌కీ జియోకాష్‌కీ మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలి. అంటే చుట్టూ 981 పెట్టొచ్చు. పెడదామా?" అన్నాడు. భాగహారంలో పొరపాటేం లేదు, నేనూ చేసి చూశాను :) కానీ భాగహారం ఒక్కటే తేలిక. హైవే పక్కన ఒక డబ్బా దాచాలి. దాన్ని వెతకబోయి ఎవరూ బండి కింద పడకూడదు. చట్టం ఒప్పుకోవాలి. దాని మూలంగా ఎవరి ఉద్యోగమూ పోకూడదు. మరి ఎక్కడ దాచాలి? నల్లగండ్ల చుట్టుపక్కల నాలుగు ఆదివారాలు తిరిగాక నాకు తోచినదే ఈ టపా.

ఆట తెలియనివాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు. జియోకాషింగ్ అంటే జీపీఎస్ పట్టుకుని ఆడే దాగుడుమూతలన్నమాట. ఒకరు ఓ డబ్బాలో చిన్న పుస్తకం పెట్టి ఎక్కడో దాస్తారు, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు నెట్‌లో పెడతారు. ఇంకొకరు వెతికి పట్టుకుని, పుస్తకంలో పేరూ తారీకూ రాసి, డబ్బా మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళిపోతారు. అంతే. గెలుపూ లేదు, ఓటమీ లేదు.

ఈ ఆట పుట్టడానికి కారణం అమెరికా ప్రభుత్వం తీసుకున్న ఒక నిర్ణయం. అంతకుముందు మామూలు జనానికి అందే జీపీఎస్ సిగ్నల్లో కావాలని తప్పు కలిపేవారు, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 1 అర్ధరాత్రి దాన్ని ఆపేశారు. రాత్రికి రాత్రే కచ్చితత్వం సుమారు పది రెట్లు పెరిగింది. మే 3న ఓరెగాన్‌లో డేవ్ అల్మర్ అనే ఆయన అడవి అంచున ఓ నల్ల బకెట్టు పెట్టి, దాని అంకెలు ఓ న్యూస్‌గ్రూపులో రాశాడు. అందులో పుస్తకాలు, ఓ చిక్కుడు గింజల డబ్బా, ఓ ఉండేలు కూడా ఉన్నాయట. అదే మొదటి కాష్. అదే ఏడాది సెప్టెంబర్‌లో జియోకాషింగ్ డాట్ కామ్ మొదలైంది. ఆన్‌సైట్‌కి వెళ్ళొచ్చిన మనవాళ్ళు చాలామంది అక్కడ వారాంతాల్లో ఈ ఆట ఆడే ఉంటారు. వెనక్కొచ్చాక "ఇక్కడా ఒకటి పెడదాం" అనిపించడం సహజం. ఆఫీసూ ఇల్లూ రెండూ హైవే పక్కనే కాబట్టి ఆ ఒకటీ హైవే పక్కనే పెట్టాలనిపించడం ఇంకా సహజం.

మొదట అవుటర్ సంగతి చూద్దాం. దాని మీద నడవడం నిషేధం. టూ వీలర్లూ ఆటోలూ ఎక్కకూడదు. ఊరికే బండి ఆపకూడదు. 2023లో గరిష్ఠ వేగాన్ని గంటకి 120 కిలోమీటర్లకి పెంచారు. అంటే సెకనుకి 33 మీటర్లు. మీరు అంచున కారాపి, తలుపు తీసి, రెయిలింగు కింద చెయ్యి పెట్టి తడిమే ఆ నలభై సెకన్లలో, ఎక్కడో కిలోమీటరు అవతల ఉన్న లారీ మిమ్మల్ని దాటి ఇంకా ముందుకి వెళ్ళిపోతుంది. లేదా దాటదు. కాబట్టి అవుటర్ మెయిన్ రోడ్డు మీద మంచి చోటు, చెడ్డ చోటు అనే చర్చే లేదు.

ఇది మన దగ్గరి చాదస్తం అనుకోకండి. నెవడాలో ఎడారి మధ్య 375 నంబరు రోడ్డుంది, ఎక్స్‌ట్రా టెరెస్ట్రియల్ హైవే అంటారు. 2010లో దాని పొడుగునా వెయ్యికి పైగా కాష్‌లు వరసగా పెట్టారు, ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చారు. నూట అరవై మీటర్లకోసారి కారాపడం, దిగడం, మళ్ళీ రోడ్డెక్కడం. పెద్దగా బళ్ళు కనపడని చోటది. అయినా 2011లో అక్కడి రవాణా శాఖ భద్రత పేరుతో అభ్యంతరం చెబితే మొత్తం తీసేశారు, తర్వాత పద్ధతి మార్చి మళ్ళీ పెట్టుకున్నారు. ఎడారిలోనే కాదన్న పని కొల్లూరు దగ్గర ఔనంటారా?

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వాళ్ళలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళు. కేంద్ర రవాణా శాఖ లెక్కలివి. ఆటకోసం ఈ లెక్కకి ఒక్క అంకె కలిపినా ఎక్కువే.

ఇక మన వృత్తికి దగ్గరి విషయం, ఎర్రర్ మార్జిన్. ఈ ఆటలో అంకెల్ని డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో మూడో దశాంశం దాకా రాస్తారు. ఆ చివరి అంకె ఒకటి మారితే అక్షాంశంలో 1.85 మీటర్లు జరుగుతాం. హైదరాబాద్ దగ్గర రేఖాంశంలో ఐతే 1.77 మీటర్లు. చూడ్డానికి భలే కచ్చితంగా ఉంటుంది. కానీ మామూలు ఫోను, ఆకాశం బాగా కనపడే ఆరుబయట కూడా, సుమారు 5 మీటర్ల తేడాతోనే చోటు చెప్పగలదు. దాచినవాడి ఫోను ఇటు 5 మీటర్లు, వెతికేవాడి ఫోను అటు 5 మీటర్లు. కలిపితే 10. పక్కన ముప్ఫై అంతస్తుల టవర్లున్నా, నెత్తి మీద ఫ్లైఓవర్ ఉన్నా సిగ్నల్ గోడలకి కొట్టుకుని వస్తుంది, తేడా ఇంకా పెరుగుతుంది.

అంటే వెతికేవాడు మనం డబ్బా పెట్టిన చోట వెతకడు. తన ఫోను చూపించిన చోట వెతుకుతాడు. మనం పెట్టింది ఫుట్‌పాత్ మీదే కావచ్చు, అతని బాణం గుర్తు మాత్రం రోడ్డు మధ్యలో నిలబడుతుంది. పైగా అతను ఫోనుకేసి చూస్తాడు, నేలకేసి చూస్తాడు, వచ్చే బస్సుకేసి చూడడు. పక్కన పిల్లలుంటే వాళ్ళు మనకంటే ముందు పరిగెడతారు.

అందుకని నేను పెట్టుకున్న మొదటి షరతు: అనుకున్న చోటు చుట్టూ మ్యాపులో 10 మీటర్ల వృత్తం గీయాలి, ఎత్తయిన కట్టడాలుంటే 20. ఆ వృత్తంలోకి రోడ్డు, రైలు పట్టాలు, నాలా, ట్రాన్స్‌ఫార్మర్ వీటిలో ఏది కొంచెం వచ్చినా ఆ చోటు కొట్టెయ్యాలి. వృత్తం మొత్తం మనిషి నడవదగ్గ నేల మీదే పడాలి. రోడ్డుకీ వృత్తానికీ మధ్య ఓ గోడో కంచో ఉంటే మరీ మంచిది. ఈ ఒక్క షరతుతోనే మా జాబితాలో ముప్పావు వంతు ఎగిరిపోయింది. నల్లగండ్ల ఫ్లైఓవర్ కింద వద్దు, అక్కడ రైలు పట్టాలు. లింగంపల్లి రైల్వే అండర్‌పాస్ దగ్గర వద్దు, గట్టి వాన పడితే అది చెరువే. పాత ముంబై హైవే డివైడర్ మీద మొక్కల మధ్య వద్దు, ఎందుకో చెప్పక్కర్లేదు.

అమెరికాలో స్తంభం అడుగున ఉండే రేకు తొడుగు పైకెత్తి లోపల డబ్బా పెట్టడం ఓ పాత అలవాటు. దయచేసి ఇక్కడ అది తలపెట్టకండి. మన వీధి దీపాల స్తంభాలకి మూతల్లేని పెట్టెలూ, బయటికొచ్చిన తీగలూ అందరం చూసేవే. వానాకాలంలో స్తంభాన్ని ముట్టుకుని కరెంటు షాకుతో పోయినవాళ్ళ వార్త ప్రతి ఏడూ పేపర్లో వస్తుంది. స్తంభంలో చెయ్యి పెట్టమని ఓ కొత్త మనిషికి మనం చెప్పడమేంటి?

రెండో షరతు: స్థలం ఎవరిదో తేలాలి, వాళ్ళు ఒప్పుకోవాలి. ఈ ఆట నిబంధనల్లో కూడా స్థలం హక్కుదారు అనుమతి తప్పనిసరి. తవ్వి పాతిపెట్టడం నిషేధం. హైవే వంతెనలు, ఆనకట్టలు, స్కూళ్ళు, ఎయిర్‌పోర్టుల లాంటి చోట్లు మొదటి నుంచీ వద్దన్న జాబితాలోనే ఉన్నాయి. ఐతే "రోడ్డు పక్కన ఖాళీ జాగా" అని మనం తేలిగ్గా అనే ముక్క, కాయితాల్లో ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

మన చుట్టూ మూడు పెద్ద రోడ్లున్నాయి. బీహెచ్ఈఎల్ చౌరస్తా మీదుగా పోయేది 65వ నంబరు జాతీయ రహదారి, పుణె నుంచి మచిలీపట్నం దాకా. ఒకప్పుడు దీన్నే 9వ నంబరు అనేవాళ్ళం. జాతీయ రహదారుల భూమినీ, వాటి మీద రాకపోకల్నీ నియంత్రించడానికి 2002లో ఓ చట్టం వచ్చింది. ముందస్తు అనుమతి లేకుండా హైవే భూమిని ఎవరూ ఆక్రమించకూడదని అందులో ఉంది. అరచేతిలో పట్టే డబ్బా పెడితే ఆక్రమణ అవుతుందా అని లాయర్లు వాదించుకోవచ్చు, ఆ వాదన నా ఖర్చుతో జరగడం నాకిష్టం లేదు. రెండోది అవుటర్. అది హెచ్ఎండీఏది, దాని నిర్మాణం చూసింది గ్రోత్ కారిడార్ సంస్థ, 2023లో టోల్ వసూలూ నిర్వహణా 30 ఏళ్ళకి ఓ ప్రైవేటు కంపెనీకి లీజుకిచ్చారు. ఉత్తరం ఎవరికి రాయాలో తేల్చుకోవడమే ఓ జియోకాష్! మూడోది యూనివర్సిటీ ముందు నుంచి పోయే పాత ముంబై హైవే. ఇక రైల్వే స్థలంలో అనుమతి లేకుండా అడుగు పెడితే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ఉంది, ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

హెచ్‌సీయూ వైపు రాళ్ళూ చెట్లూ చూస్తే ఈ ఆటకోసమే పుట్టినట్టుంటాయి. కానీ అక్కడి భూమి సంగతి 2025లో దేశమంతా చూసింది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు ఎవరివన్న గొడవ, మార్చి చివర్లో బుల్‌డోజర్లు, విద్యార్థుల ఆందోళన, ఏప్రిల్ 3న సుప్రీం కోర్టు చెట్లు కొట్టడం ఆపమనడం. చెరువుల సంగతీ అంతే. 2024లో హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో కూడా వినపడ్డాయి. భూమి కోసం మనుషులు కోర్టుల చుట్టూ తిరిగే ఊళ్ళో "ఎవరిదీ కాని జాగా" అనే మాటే లేదు. ఎవరిదో మనకి తెలియని జాగా ఉంటుంది, అంతే.

ఇక్కడి దాకా ఓ సర్వేయరుకీ ఓ లాయరుకీ సంబంధించిన సంగతి. అసలు చిక్కు ఆ తర్వాతిది.

2011 జులైలో ఇంగ్లండ్‌లో వెదర్‌బీ అనే చిన్న ఊళ్ళో ఓ కాఫీ హోటల్ బయట ఓ మనిషి ప్లాస్టిక్ డబ్బా ఏదో పెడుతూ కనపడ్డాడు. చూసినవాళ్ళు పోలీసులకి ఫోను చేశారు. వీధి ఖాళీ చేయించారు, సైన్యం నుంచి బాంబు స్క్వాడ్ వచ్చి డబ్బాని పేల్చేసింది. తీరా చూస్తే జియోకాష్. అక్కడది నవ్వుకునే కథ అయింది.

హైదరాబాద్‌లో ఐతే ఎవరికీ నవ్వు రాదు. 2007 ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో బాంబులు పేలి నలభై మందికి పైగా చనిపోయారు. అదే రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ ఫుట్ ఓవర్ బ్రిడ్జి కింద పేలని బాంబు ఇంకోటి దొరికింది. 2013 ఫిబ్రవరి 21న అదే దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ళ మీద టిఫిన్ బాక్సుల్లో పెట్టినవి పేలాయి. దారి పక్కన, వంతెన కింద, ఎవరిదో తెలియని చిన్న డబ్బా. ఈ ఊరికి దాని అర్థం వేరు. బస్టాండులో "గుర్తు తెలియని వస్తువులను తాకరాదు" అనే మాట వింటూ పెరిగినవాళ్ళం మనం. ఓరెగాన్ అడవిలో బకెట్టు పెట్టినాయన ఈ మాట వినుండడు.

ఓ ఆదివారం పొద్దున్న నేనూ మా లెక్కల కుర్రాడూ ఓ రోడ్డు పక్క గోడ వెంబడి చోట్లు చూసుకుంటూ పోతున్నాం. అది ఓ అపార్ట్‌మెంట్ ప్రహరీ. రాళ్ళ సందుల్లో ఫోను టార్చి వేసి చూస్తుంటే వాచ్‌మన్ వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. మర్యాదగానే అడిగాడు, "ఏం దేవులాడుతున్నరు సార్?"

చెప్పాం. ఆట ఇలాగ, డబ్బా ఇలాగ, పేరు రాసి పోతారు అని. శ్రద్ధగా విన్నాడు. "మంచిగుంది సార్ ఆట," అన్నాడు. "గని ఒక మాట అడుగుత. మీరు పెట్టి పోతరు. రాత్రి పదకొండుకి ఎవడో ఒకడొచ్చి గీ గోడ పొంటి టార్చి గొట్టుకుంట తిరుగుతడు. నేను వాన్ని దొంగ అనుకోవాల్నా, ఆటగాడు అనుకోవాల్నా? పొద్దుగాల పోలీసోళ్ళొచ్చి డబ్బా ఎవనిదని అడిగితె మిమ్మల్ని అడగరు సార్. నన్నడుగుతరు."

మా కుర్రాడు "అంకెలు నెట్‌లో ఉంటాయి కదా, మాదని తెలిసిపోతుంది" అని ఏదో చెప్పబోయాడు. వాచ్‌మన్ నవ్వి ఊరుకున్నాడు. ఆయన చెప్పింది నిజం. మన మెడలో ట్యాగుంటుంది, నోట్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలుంటాయి. ఎవరైనా ఆపితే ఫోను తీసి యాప్ చూపిస్తాం, "సారీ సార్, గేమ్" అంటాం, వాళ్ళూ నవ్వి వదిలేస్తారు. పొద్దున్నే ఐదింటికి ఆ గోడ వెంట చీపురు పట్టుకుని వచ్చే ఆవిడకి ఆ సౌకర్యం లేదు. ప్లాస్టిక్ ఏరుకునే పిల్లాడికి అసలే లేదు. మంచి మూతున్న డబ్బా కనపడితే వాడు సంచీలో వేసుకుంటాడు, అది వాడి పని. ఆ డబ్బా గురించి ఎవరైనా కంగారు పడితే మొదట దెబ్బలు తినేది వాడు. రాత్రి డ్యూటీలో ఉండి "ఏమో సార్, నాకు తెల్వది" అన్నందుకు ఉద్యోగం పోయేది వాచ్‌మన్‌కి.

ఈ ఆటలో ఓ మాటుంది. ఆట తెలియనివాళ్ళని మగుల్స్ అంటారు, హ్యారీ పోటర్ కథల్లోంచి తెచ్చుకున్న మాట. మగుల్స్ కంట పడకుండా డబ్బా తియ్యడం, పెట్టడం అక్కడ గొప్ప నైపుణ్యం. నాకైతే మన ఊళ్ళో రోడ్డు పక్కన ఈ సూత్రాన్ని తలకిందులు చెయ్యాలనిపించింది. దొంగచూపులు చూస్తూ గోడ పక్కన తచ్చాడే మనిషే ఇక్కడ ప్రమాదం. డబ్బా దాచొచ్చు, సంగతి దాచకూడదు. ఆ చోట రోజూ పనిచేసే ప్రతి మనిషికీ అక్కడ డబ్బా ఉందని, అదేంటని, ఎవరిదని తెలిసి ఉండాలి. ఇది మూడో షరతు. మిగతా రెండిటికంటే ముఖ్యమైనది.

మూడు షరతులూ పెట్టుకుని చూస్తే నల్లగండ్ల చుట్టూ మిగిలినవి ఇవీ.

ఒకటి, అవుటర్ పక్కన సర్వీసు రోడ్డు వెంబడి వేసిన సోలార్ సైకిల్ ట్రాక్. 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. మొత్తం 23 కిలోమీటర్లు, అందులో నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఉన్న ముక్క మనకి దగ్గర. హైవే హోరు వినపడుతూ, మనిషి ఆగి నిలబడితే ఎవరూ వింతగా చూడని చోటు అది. కానీ పైకప్పు నిండా సోలార్ పలకలు, తీగలు. స్తంభాలకి అయస్కాంతపు డబ్బాలు అంటించడం కాని పని. మనుషులు కూర్చునే చోట్ల దగ్గర, హెచ్ఎండీఏ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పెట్టొచ్చు.

రెండు, రోడ్ల పక్క మొక్కల నర్సరీలు. నాకు బాగా నచ్చిన చోటు. యజమాని ఒక్కడే, ఎదురుగా ఉంటాడు, ఔననో కాదనో అక్కడే చెప్తాడు. జనం గంటసేపు కుండీల మధ్య తిరిగినా ఎవరూ అనుమానించరు. బండి ఆపుకోవడానికి జాగా ఉంటుంది. ఐతే ఈ ఆటలో వ్యాపార ప్రచారం కూడదు. లోపలికెళ్ళి ఏదో కొనమనీ, పనివాళ్ళని అడగమనీ షరతు పెట్టకూడదు. కాబట్టి బయటి అంచున, రోడ్డుకి దూరంగా ఉన్న వైపు. ఇంకో సంగతి, నర్సరీ చాలాసార్లు అద్దె స్థలంలో ఉంటుంది. అడగాల్సింది ఇద్దర్ని.

మూడు, చెరువు గట్టు మీద నడక దారి ఉన్న చోట్లు. పొద్దున్నా సాయంత్రం జనం ఉంటారు, రోడ్డు వంద మీటర్ల అవతల ఉంటుంది. మున్సిపాలిటీ అనుమతి కావాలి. రాళ్ళ సందులు మాత్రం వద్దు, వాటిలో మనకంటే ముందు చేరినవాళ్ళుంటారు, పడగలతో :)

నాలుగు, మన సొంత అపార్ట్‌మెంట్ స్థలం. ఇది నాకు చివర్లో తట్టింది. ఊళ్ళో అందరి జాగాలూ వెతికి, మన వాకిట్లో మనం పెట్టుకోవచ్చని గుర్తురావడానికి నెల పట్టింది. మా గేటు బయట, మా స్థలంలోనే, మొక్కలు పెంచిన ఓ పాయ ఉంది. బెంచీ ఉంది. రోడ్డు అంచుకి పాతిక మీటర్లు, మధ్యలో నడుమెత్తు గోడ. వృత్తం గీస్తే మొత్తం మట్టి మీదే పడింది.

అసోసియేషన్ మీటింగులో పెట్టాం. పార్కింగు గొడవ అయ్యాక, లిఫ్టు గొడవకి ముందు, మాకు పది నిమిషాలిచ్చారు. చాలామందికి అర్థమయ్యింది, కొందరు పిల్లలకి బావుంటుందన్నారు. ఓ రిటైరైన అంకుల్ లేచి వద్దన్నారు. ఆయన కోఠిలో బ్యాంకులో చేసేవారు. ఆ ఆగస్టు శనివారం గోకుల్ చాట్ ముందు నుంచి నడిచి వెళ్ళిన పావుగంటకి వెనక శబ్దం విన్నారట. "నాకు ఇప్పటికీ బల్ల కింద ఏదైనా సంచి కనపడితే ముందు అది ఎవరిదో అడగందే కూర్చోను. మీరు ఆటకోసం మా గేటు దగ్గర డబ్బా దాస్తామంటున్నారు," అన్నారు. ఎవరూ ఏం మాట్లాడలేదు. దానికి జవాబు లేదు కూడా.

తర్వాతి మీటింగుకి ఆయనే ఓ దారి చెప్పారు. "లోపల ఏముందో బయటికి కనపడాలి. అప్పుడు నాకు అభ్యంతరం లేదు." అంతే, మా డబ్బా డిజైను ఆయనదే. ఉక్కు టిఫిన్ కాదు, నల్ల టేపు చుట్టిన గొట్టం కాదు. నాలుగు వైపులా క్లిప్పులున్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా. లోపల చిన్న నోటు పుస్తకం, పెన్సిలు. పెన్ను ఐతే ఎండకి కారుతుంది, వానకి అలుక్కుపోతుంది. తేమ పీల్చే సిలికా పొట్లాలు రెండు. తినేవేవీ పెట్టలేదు, పెడితే చీమలు అందరికంటే ముందు కనిపెడతాయి. మూత మీద తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో "ఇది ఆట డబ్బా, ప్రమాదం లేదు, అనుమానముంటే ఈ నంబరుకి ఫోను చెయ్యండి" అని రాసి అసోసియేషన్ ముద్ర వేశాం. స్టేషన్‌లో ఓ ఉత్తరం, దాంతోపాటు ఫోటో ఇచ్చి, అందినట్టు సంతకం తెచ్చుకున్నాం. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకానే వెతకాలని పేజీలో రాశాం. చదవడం రానివాళ్ళకి చీటీ పనికిరాదు కాబట్టి వాచ్‌మన్‌లు ముగ్గురికీ, ఊడ్చే ఆవిడకీ, తోటమాలికీ డబ్బా తెరిచి చూపించి నోటితో చెప్పాం. వాచ్‌మన్ మారినప్పుడల్లా మళ్ళీ చెప్పడం నా పని. నెలకోసారి వెళ్ళి చూడటమూ నా పనే. ప్రొడక్షన్లో పెట్టి వదిలేసిన కోడు ఎవరి మెడకి చుట్టుకుంటుందో మనకి వేరే చెప్పాలా?

వచ్చేవాళ్ళు ఎక్కువమంది లేరు. వచ్చినవాళ్ళు ఓ ఫిర్యాదు చేస్తున్నారు. మా వాచ్‌మన్ ఒకాయన, ఎవరైనా ఫోను పట్టుకుని తిరుగుతుంటే, "ఆడ కాదు సార్, గీ చెట్టు మొదట్ల సూడుండ్రి" అని చెప్పేస్తున్నాడట. ఆట మజా పోతోందంటారు. నిజమే, కొంచెం పోతుంది. కానీ ఆయన ఆ మాట చెప్తున్నాడంటే డబ్బా ఎవరిదో ఆయనకి తెలుసు, రేపు ఎవరొచ్చి అడిగినా ఆయన భయపడక్కర్లేదు. ఆ మాత్రం మజా పోతే పోనీ.

డబ్బానే వద్దనుకునేవాళ్ళకి ఇంకో దారుంది. 2004 నుంచి ఎర్త్‌కాష్ అనే రకం ఉంది. డబ్బా ఉండదు, పుస్తకం ఉండదు. ఓ చోటికి తీసుకెళ్ళి అక్కడి నేల గురించో రాయి గురించో ఏదో గమనించమంటారు, జవాబు రాసి పంపాలి. స్థలం వాళ్ళ అనుమతి దీనికీ కావాలి. కానీ బాంబు స్క్వాడ్ పేల్చడానికి ఏమీ ఉండదు. మన చుట్టూ ఉన్న గ్రానైటు బండలు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న ఆ రాళ్ళు అలా ఎందుకయ్యాయో పిల్లాడికి ఆరుబయట నిలబెట్టి చెప్పడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. బిల్డర్లు వాటిని కంకర చేసేలోగా ఆ పని చెయ్యాలి.

నల్లగండ్లలోనే కాదు, విజయవాడ బైపాస్ పక్కనైనా, వరంగల్ రోడ్డు మీదైనా ఈ మూడు ప్రశ్నలూ పనికొస్తాయనుకుంటాను. వెతికేవాడి అడుగు రోడ్డు మీద పడుతుందా? స్థలం ఎవరిది, కాయితం ఉందా? డబ్బా గురించి గొడవైతే మొదట ఎవర్ని పిలుస్తారు, ఆ మనిషికి మీరు చెప్పారా? మూడోదానికి జవాబు లేకపోతే మొదటి రెండూ ఎంత బాగున్నా డబ్బా సంచీలోనే ఉంచుకోండి. మీ వైపు మంచి చోట్లేమైనా తెలిస్తే చెప్పండి, అంకెలతో సహా. వచ్చే ముందు అక్కడి వాచ్‌మన్‌కి ఓ మాట చెప్పి ఉంచండి, ఫలానా సారు వస్తాడని.